కత్తికి లొంగని కంతి
(డెస్మాయిడ్ చికిత్సా సూత్రములపై ఒక విమర్శ)

డెస్మాయిడ్ అను కంతులకు ఎట్లు చికిత్స చేయవలెనను విషయమై పలు దేశముల నిపుణులు, రోగుల సంఘములతో కలసి, ఒక మార్గదర్శక పత్రమును తయారుచేసిరి. దాని తొలిరూపము 2020లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్ అను పత్రికలోను, సవరించిన రూపము 2024లో జామా ఆంకాలజీ అను అమెరికా పత్రికలోను వెలువడినవి. వైద్యులు వైద్యులకై వ్రాసికొన్న పత్రమును ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల యెదుట విమర్శకు పెట్టుట ఎందుకని పాఠకులు అడుగవచ్చును. వంశపారంపర్యమును గూర్చి మనము తరగతిలో చెప్పు పాఠము రోగి మంచము దగ్గర ఎట్టి పరీక్షకు గురియగునో ఇందు కనబడును. అదియునుగాక, ఈ పత్రములోని ముఖ్యమైన సలహా "వెంటనే కోయవద్దు, కనిపెట్టి చూడుడు" అనునది. ఆ మాటకు లండను నగరములో ఒక అర్థము, బేతంచెర్లలో వేరొక అర్థము.

ముందుగా వ్యాధిని గూర్చి కొంత చెప్పవలెను. డెస్మాయిడ్ అను పేరు కట్టు, పట్టీ అను అర్థమిచ్చు గ్రీకు మాటనుండి వచ్చినది. 1832లో మెక్‌ఫార్లేన్ అను వైద్యుడు ఇట్టి కంతులను వర్ణించెను. 1838లో యోహానెస్ మ్యుల్లర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వాటికి ఈ పేరు పెట్టెను. దేహములో గాయము మానునప్పుడు మచ్చకట్టు కణములు కలవు గదా, ఆ తంతుకణములే అదుపు తప్పి పెరిగి, స్నాయువువలె బిగిసి, గట్టి ముద్దగా ఏర్పడును. ఇది క్యాన్సరువలె రక్తములో ప్రయాణముచేసి ఊపిరితిత్తులకో కాలేయమునకో ప్రాకదు. ఆ కారణముచేత దీనిని నిరపాయకరమైన కంతిగా కొందరు లెక్కింతురు. కాని పుట్టినచోటనే ఉండి ప్రక్కనున్న ప్రేగును, రక్తనాళమును, మూత్రనాళమును పట్టి నొక్కివేయు కంతిని నిరపాయకరమనుట మాటవరుసకే గాని మరొకందులకు గాదు.

బేతంచెర్ల ప్రాంతపు పాఠకులకు దీని స్వభావమును చెప్పుట సులభము. అక్కడి నాపరాళ్ళ గనులలో రాయి పొరలు పొరలుగా పడియుండును. అనుభవము గల పనివాడు పొర జాడ చూచి ఉలి పెట్టి సుత్తితో కొట్టినచో పలక తనంతట తానే వేరుపడును. శస్త్రవైద్యుడు కూడ కంతికిని చుట్టునున్న కండకును నడుమ ఇట్టి పొర జాడకొరకే వెదకును. చాల కంతులకు అది దొరకును. డెస్మాయిడ్‌కు దొరకదు. దానికి పై తొడుగు లేదు. అంచునందలి తంతువులు ప్రక్క కండలోనికి వేళ్ళవలె చొచ్చియుండును. ఎంత తీసివేసితిననుకొన్నను ఎంతో కొంత మిగులును. పైగా కోసినచోట గాయము మాన్చుటకు తంతుకణములు మరల పిలువబడును. కంతికి కావలసినది సరిగా అదియే.

ఇక దీనికి వంశపారంపర్యముతో గల సంబంధము. కుటుంబగత ఎడినోమాటస్ పాలిపోసిస్ అను వ్యాధిలో పెద్ద ప్రేగు లోపలి పొరపై వందలకొలది, ఒక్కొక్కప్పుడు వేలకొలది చిన్న చిన్న పాలిపులు పుట్టగొడుగులవలె లేచును. సాధారణముగా పదునాలుగు పదునైదేండ్ల ప్రాయముననే ఇవి కనబడుట మొదలగును. ఏ చికిత్సయు లేనియెడల నలువదియేండ్లు వచ్చుసరికి దాదాపు అందరికిని వీటిలో ఏదో ఒకటి క్యాన్సరుగా మారును. లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి 1924నుండి ఇట్టి కుటుంబముల పట్టికను ఉంచుచున్నది. 1925లో అచ్చటి శస్త్రజ్ఞుడు లాక్‌హార్ట్-మమ్మరీ, క్యాన్సరునకును వంశమునకును గల సంబంధమునకు ఈ కుటుంబములనే తార్కాణముగా చూపెను. 1951లో అమెరికాలోని యూటా రాష్ట్రములో ఎల్డన్ గార్డ్‌నర్ అను జన్యుశాస్త్ర ఆచార్యుడు ఒక పెద్ద కుటుంబమును తరతరములుగా పరిశీలించి వ్రాసిన వ్యాసము ప్రసిద్ధమైనది. పాలిపులతోపాటు దవడ ఎముకపై బుడిపెలు, చర్మము క్రింద గడ్డలు, డెస్మాయిడ్లు ఒకే కుటుంబములో కనబడుటకు ఆయన పేరే నిలిచినది. గార్డ్‌నర్ వైద్యుడు కాడు. తరగతిలో జన్యుశాస్త్రము బోధించునప్పుడు ఒక విద్యార్థి తనకు తెలిసిన కుటుంబములోని క్యాన్సరు మరణములను ప్రస్తావించగా ఆయన ఆ దారి పట్టెను. ఉపాధ్యాయులు ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనిన చాలును.

ఈ వ్యాధికి మూలమగు ఎ.పి.సి. అను జన్యువు 5వ క్రోమోసోముపై ఉన్నదని 1987లో తెలిసినది. 1991లో జన్యువునే వేరుచేసి చదివిరి. దాని పని ఏమనగా, కణములో బీటా-కాటెనిన్ అను ప్రోటీను అవసరమునకు మించి నిలువకుండ ఎప్పటికప్పుడు తీసివేయించుట. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో యంత్రము క్రింద రాతిబురద పేరుకొనుచుండును. దానిని ఎత్తిపోయువాడు ఒక్కడు రాకున్న పని నిలిచిపోవును. కణములో జరుగునది ఇంతకంటె చెడ్డది. పేరుకొనిన బీటా-కాటెనిన్ ఊరక పడియుండు బురద కాదు. అది కణకేంద్రములోనికి పోయి "విభజన చెందుము" అని ఆజ్ఞ యిచ్చుచుండును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, ప్రతి కణమునందును ఈ జన్యువు రెండు ప్రతులుగా ఉండును. వ్యాధిగల కుటుంబములో పుట్టిన రోగికి ఒక ప్రతి పుట్టుకతోనే చెడియుండును. ఏదో ఒక కణములో రెండవది కూడ చెడినప్పుడు ఆ కణము అదుపు తప్పును. ప్రేగు పొరలో ఇది జరిగినచో పాలిపు, తంతుకణములో జరిగినచో డెస్మాయిడ్.

పాలిపోసిస్ రోగిని క్యాన్సరునుండి కాపాడుటకు పెద్ద ప్రేగును ముందుగానే తీసివేయుదురు. ఈ శస్త్రచికిత్స ఎందరినో బ్రతికించినది. దాని విలువ తగ్గించి మాట్లాడరాదు. కాని ఈ రోగులలో ప్రతి 100 మందిలో సుమారు 10 నుండి 15 మందికి డెస్మాయిడ్లు వచ్చును. అవి ఎక్కువగా కడుపు గోడలోనో, చిన్న ప్రేగును వీపువైపు గోడకు పట్టి ఉంచు మడతపొరలోనో, తరచు ఆ శస్త్రచికిత్స జరిగిన కొలది సంవత్సరములకే పుట్టును. ప్రేగు క్యాన్సరు బారినుండి తప్పించుకొన్న ఈ రోగుల మరణములకు ముఖ్య కారణములలో డెస్మాయిడ్ ఒకటి. ప్రాణము నిలుపు కోతయే కొందరిలో రెండవ వ్యాధికి వాకిలి తెరచుచున్నది. ఈ విషయములోని చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

ఇప్పుడు పత్రమునకు వత్తము. పూర్వము డెస్మాయిడ్ కనబడగానే కోయుటయే మొదటి మాటగా ఉండెను. మరల పెరిగినచో మరల కోయుదురు. ఈ పత్రము ఆ వరుసను తలక్రిందులు చేసినది. మొదట సూదితో చిన్న ముక్క తీసి వ్యాధిని నిర్ధారించవలెను. పిమ్మట ఒకటి రెండు నెలలలో ఒకసారియు, ఆపైన మూడు నుండి ఆరు నెలలకొకసారియు ఎం.ఆర్.ఐ. తీయించి గమనించవలెను; కంతి నిజముగా పెరుగుచున్నదని, లేదా ప్రాణావసరమైన అవయవమును నొక్కుచున్నదని తేలినప్పుడే చికిత్సకు దిగవలెను; అప్పుడు కూడ కడుపు గోడ కంతులవంటి కొన్నింటికి తప్ప మొదట మందులే గాని కత్తి కాదు. ఇది సాహసము గల మార్పు. రోగి వచ్చి కూర్చున్నప్పుడు "ఇప్పుడేమియు చేయము" అని చెప్పుటకు వైద్యునికి ధైర్యము కావలెను, వినుటకు రోగికి అంతకంటె ఎక్కువ కావలెను.

ఈ సలహాకు గల ఆధారములలో నాకు మిక్కిలి నచ్చినది 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన సోరాఫెనిబ్ అను మందు పరీక్ష. అందు 87 మంది రోగులు పాల్గొనిరి. కొందరికి మందు, కొందరికి మందువలె కనబడు ఉత్తి బిళ్ళ ఇచ్చిరి. ఎవరికి ఏది ముట్టినదో రోగికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. మందు తిన్నవారిలో 100కి 33 మందికి కంతి చెప్పుకోదగినంత కుదించుకొన్నది. ఉత్తి బిళ్ళ తిన్నవారిలో 100కి 20 మందికి కూడ కుదించుకొన్నది! ఈ రెండవ అంకెను ఉపాధ్యాయులు నల్లబల్లపై వ్రాసి చూపవలెను. అంతకు పూర్వము పెక్కేండ్లు సులిండాక్, టామాక్సిఫెన్ అను మందులు ఇచ్చి "మా రోగులలో ఇంతమందికి కంతి తగ్గినది" అని వ్రాసిన వ్యాసములు అనేకములు కలవు. పోల్చి చూచుటకు మందు తీసికొనని జట్టు లేదు. అయిదుగురిలో ఒకరికి తనంతట తగ్గు కంతి విషయములో అట్టి వ్యాసము ఏమియు నిరూపింపజాలదు. మొక్కకు ఎరువు వేసి పెరిగినదనిన చాలదు, ఎరువు వేయని మొక్కను ప్రక్కన నాటవలెనని మనము ఏడవ తరగతిలో చెప్పుచున్నాము. పెద్ద వైద్యులు పెక్కేండ్లు ఆ పాఠమును మరచియుండిరి. టామాక్సిఫెన్ జాతి మందులను ఈ పత్రము ఇకపై సిఫారసు చేయకుండుట సబబే.

పైన మెచ్చినదానికి ఇక అభ్యంతరములు. మొదటిది, కనిపెట్టి చూచుట మేలని నిరూపించిన పరిశీలనలు ఎవరిపై జరిగినవి? ఇటలీ, నెదర్లాండ్సు దేశములలోని ముఖ్య పరిశీలనలు వంశపారంపర్యము కాని డెస్మాయిడ్లపై జరిగినవి. ఆ కంతులలో చెడునది ఎ.పి.సి. కాదు, ఎక్కువగా బీటా-కాటెనిన్ జన్యువే. అవి భుజము, తొడ, కడుపు గోడవంటి చోట్ల పుట్టుట మెండు. పాలిపోసిస్ రోగి కంతి ప్రేగుల నడుమ ఉండును. భుజముపై కంతి మూడు నెలలు పెరిగిన నొప్పి కలుగును. ప్రేగుల నడుమ కంతి మూడు నెలలు పెరిగిన దారి మూసికొనిపోవచ్చును, ప్రేగుకు రంధ్రము పడవచ్చును, మూత్రపిండము చెడవచ్చును. ఒకరిపై పొందిన అనుభవమును వేరొకరికి అప్పగించునప్పుడు ఎంత జాగ్రత్తగా అప్పగించవలెనో అంత జాగ్రత్త ఈ పత్రములో లేదని నా అభిప్రాయము. పాలిపోసిస్ రోగులకు ఇందు దొరకిన చోటు చాలదు.

ఆ లోటు పూడ్చుటకు వేరొకచోటికి పోవలెను. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో జేమ్స్ చర్చ్ అను శస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పాలిపోసిస్ రోగుల కడుపులోని డెస్మాయిడ్లను నాలుగు దశలుగా విభజించిరి. బాధ లేక, 10 సెంటీమీటర్లకు లోపుగా ఉండి, పెరుగనిది మొదటి దశ. 20 సెంటీమీటర్లు మించినది, లేదా వేగముగా పెరుగునది, లేదా తీవ్రమైన ఉపద్రవము కలిగించునది నాల్గవ దశ. మొదటి దశవారిలో అయిదేండ్ల తరువాత 100కి 95 మంది, నాల్గవ దశవారిలో 76 మంది జీవించియుండిరని వారి లెక్క. ఈ కంతులలో సుమారు పదింట ఒకటి తనంతట మాయమగునని, సగము కదలక నిలుచునని, మూడింట ఒకటికి దగ్గరగా పెరుగుచు తగ్గుచు నుండునని, మిగిలిన పదింట ఒకటి మాత్రమే విజృంభించునని తరచు ఉదాహరించు లెక్క ఒకటి కలదు. ఆ చివరి పదింట ఒకటి ఎవరిదో ముందుగా పోల్చుకొనుటయే చికిత్సలోని అసలు విద్య. పరిమాణము, పెరుగు వేగము, బాధ అను మూడింటిని కూర్చిన చర్చ్ వరుస, చిన్న ఊరి వైద్యుడు కూడ చేతబట్టదగిన సాధనము. ఇట్టిదానికి ప్రపంచ పత్రములో ముందు వరుసలో చోటుండవలెను.

రెండవ అభ్యంతరము దీనికంటె పెద్దది. ఈ పత్రము కంతి పుట్టిన పిమ్మట మొదలగును. పాలిపోసిస్ కుటుంబములలో డెస్మాయిడ్ చికిత్స కంతి పుట్టకముందే మొదలు కావలెను. పెద్ద ప్రేగును ఏ వయస్సులో తీయవలెను? అప్పటివరకు ఏమి చేయవలెను? ప్రమాదము ఎవరికి హెచ్చో చాలవరకు తెలిసినదే: దగ్గర బంధువులకు డెస్మాయిడ్ వచ్చినవారికి, స్త్రీలకు, ఎ.పి.సి. జన్యువులో లోపము 1444వ స్థానమునకు అవతలి కొన వైపున ఉన్నవారికి, పదేపదే కడుపు కోయించుకొన్నవారికి. ఒక పదునారేండ్ల బాలిక ఉన్నదనుకొందము. ఆమె తల్లికి డెస్మాయిడ్ ఉన్నది. బాలిక ప్రేగులో పాలిపులు కొద్దిగా, చిన్నవిగా ఉన్నవి. ఆమెకు నేడే శస్త్రచికిత్స చేయుట కంటె ఏటేటా ప్రేగు లోపల గొట్టపు దుర్బిణితో చూచి, పెద్ద పాలిపులను తీసివేయుచు, కొన్నేండ్లు జరుపుట మేలు కావచ్చును. అదే ప్రేగులో పాలిపులు వేలకొలదిగా ఉన్నచో జరుపుట ప్రాణాపాయము. ఈ తూకమును ఏ యంత్రమును తూచి చెప్పలేదు.

మందుల విషయము క్లుప్తముగా చెప్పి ముందుకు పోయెదను. 2023లో నిరోగాసెస్టాట్ అను బిళ్ళ పరీక్ష ఫలితములు వెలువడినవి. 142 మందిలో, మందు తిన్నవారికి రెండేండ్లవరకు వ్యాధి ముదరక నిలిచినవారు 100కి 76, ఉత్తి బిళ్ళ తిన్నవారిలో 44. ఆ యేటి నవంబరులోనే అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చినది. మంచి మందే. కాని బిడ్డలు కనదగు వయస్సులోని స్త్రీలలో 100కి 75 మందికి అండాశయముల పని దెబ్బతిన్నది. చాలమందిలో అది తరువాత కుదుటపడినది. అమెరికాలో దాని వెల నెలకు వేల డాలర్లు. మెథోట్రెక్సేట్, విన్‌బ్లాస్టిన్ అను పాత మందులను తక్కువ మోతాదులో కలిపి ఇచ్చు పద్ధతి ఈ పత్రములో నిలిచియుండుట మనవంటి వారికి ఎక్కువ ముఖ్యము.

ఇక బేతంచెర్ల మాట. ఆ ఊరు పూర్వము కర్నూలు జిల్లాలోనిది, 2022నుండి నంద్యాల జిల్లాలోనిది. నంద్యాల, ద్రోణాచలముల నడుమ రైలు స్టేషను కలది. గనులలోను పాలిష్ ఫ్యాక్టరీలలోను దినకూలిపై బ్రతుకు కుటుంబములు అక్కడ అనేకము. "ఆరు నెలలకొకసారి ఎం.ఆర్.ఐ." అని పత్రములో వ్రాయుటకు అర పంక్తి చాలును. ఆ అర పంక్తికి కూలివాని యింట ఎన్ని దినముల కూలి పోవునో, తోడు వచ్చు మనిషి కూలి ఎంత పోవునో, కర్నూలుకో హైదరాబాదుకో రానుపోను ఖర్చెంతో లెక్క వేసినవారు లేరు. 1956లో స్థాపించిన కర్నూలు వైద్య కళాశాల ఆసుపత్రి ఈ ప్రాంతపు రోగికి పెద్ద దిక్కు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, నేటి పేరున ఎన్.టి.ఆర్. వైద్య సేవ, పేదవానికి పెద్ద శస్త్రచికిత్సను దగ్గరకు తెచ్చినది. కాని అట్టి పథకములు ముఖ్యముగా ఆసుపత్రిలో జరుగు చికిత్సలను లెక్కించి డబ్బు చెల్లించునట్టివి. కోతకు లెక్క ఉన్నది. కోయకుండ ఏండ్ల తరబడి కనిపెట్టి చూచుటకు అట్టి లెక్క కట్టుట కష్టము. "చూచుచుందము" అను మాట, చూచువాడు లేనిచోట, "వదలివేసితిమి" అని అర్థమగును. ఈ పత్రమును వ్రాసినవారిలో రోగుల సంఘములు కూడ ఉన్నవి గనుక ఈ లోటు వారి దృష్టికి రావలసినది.

అందుబాటులో ఉన్నవాటితో ఏమి చేయవచ్చును? కడుపు గోడలోని కంతిని అల్ట్రాసౌండ్‌తో కొలువవచ్చును. లోపలి కంతికి తరచు సి.టి. తీయించుటవలన చిన్నవయసువారికి ఎక్స్‌కిరణముల మోతాదు పెరుగును గనుక ఎం.ఆర్.ఐ.నే వీలైనంతవరకు కోరవలెను. ఒకేచోట తీయించిన కొలతలు పోల్చుటకు అనువుగా నుండును. అన్నిటికంటె ముఖ్యము, పాత ఫిల్ములను, రిపోర్టులను పారవేయకుండుట. కంతి పెరిగినదా లేదా అని చెప్పగలది నేటి చిత్రము కాదు, నేటిదియు నిరుటిదియు కలసి.

చివరగా ఉపాధ్యాయులకు సంబంధించిన సంగతి. కంతిలో బీటా-కాటెనిన్ జన్యులోపము కనబడనిచో రోగికి పాలిపోసిస్ ఉన్నదేమో వెదకవలెనని ఈ పత్రము చక్కగా చెప్పినది. ఆ జన్యుపరీక్షకు నమూనా పంపలేనిచోట కూడ కాగితముపై గీయు వంశవృక్షము సగము పని చేయును. అయితే మన ప్రాంతమున వంశపారంపర్య వ్యాధి అనగానే "మేనరికము చేసికొన్నారు గనుక" అను మాట వినబడును. ఈ వ్యాధికి ఆ మాట వర్తింపదు. ఎ.పి.సి. లోపము బహిర్గత లక్షణము. తల్లిదండ్రులలో ఒక్కరికి ఉన్న చాలును, ప్రతి బిడ్డకును సగము అవకాశము. మేనమామ కూతురిని చేసికొన్నను, పరాయి సంబంధము చేసికొన్నను లెక్క అదియే. మేనరికముతో ముడిపడునది వేరొకటి కలదు. మ్యూటివైహెచ్ అను జన్యువు చెడుటచే కలుగు పాలిపోసిస్‌ను 2002లో కనుగొనిరి. అది అంతర్గత లక్షణము, తల్లి తండ్రి ఇరువురినుండియు రావలెను. అందు డెస్మాయిడ్లు అరుదు. ఈ రెంటిని కలిపివేసినచో మొదటి వ్యాధిగల యింటివారు "మాది మేనరికము కాదు, మాకు భయము లేదు" అని ప్రమాదకరమైన ధైర్యము తెచ్చుకొందురు. దాదాపు నాలుగింట ఒక రోగికి తల్లిదండ్రులలో ఎవరికిని వ్యాధి లేకయే కొత్తగా లోపము పుట్టుచున్నదని కూడ చెప్పవలెను. అట్టివారికి వంశవృక్షము ఏమియు చెప్పదు.

వంశవృక్షము గీయించునప్పుడు ఒక జాగ్రత్త. పిల్లలచేత తమ యింటి మరణములను తరగతిలో చదివించరాదు. పల్లెలో పెండ్లి సంబంధములు ఇట్టి మాటలతోనే చెడిపోవును. బఠానీ మొక్కలతోనో, కల్పిత కుటుంబముతోనో లెక్క నేర్పి, ఎవరైన విద్యార్థి తరువాత వచ్చి తన యింటి సంగతి చెప్పినచో ఆ కుటుంబమును వైద్యుని యొద్దకు పంపవలెను. అట్టి యింటి పిల్లలకు పది పన్నెండేండ్లనుండి ప్రేగు పరీక్ష మొదలు కావలెను. ఆ యింటి రోగిలో చెడిన జన్యుస్థానము తెలిసినచో బిడ్డలకు రక్తపరీక్ష ఒక్కసారి చేసిన చాలును. లోపము రానివారు సుమారు సగముమంది. ఏటేటా గొట్టము వేసి చూచు పరీక్ష వారికి ఇక అక్కరలేదు.